మోకాళ్ల మధ్య తలగడ

తుంటి మార్పిడి చేయించుకోబోయేవాళ్లు ఈమధ్య మా ఇంటికి వస్తున్నారు. బిలాస్‌పూర్‌లో రైల్వే పని చేసి దిగినవాళ్లలో మోకాలో తుంటో అరగని మనిషి దొరకడం కష్టం, కాబట్టి రాకపోకలకి లోటు లేదు. వచ్చినవాళ్లు ముందు నొప్పి గురించి అడుగుతారు. ఎన్నాళ్లకి నడిచారు, మెట్లెప్పుడు ఎక్కారు అని అడుగుతారు. టీ అయ్యాక, చెప్పుల్లో కాళ్లు పెడుతూ, గొంతు తగ్గించి అసలు సంగతికి వస్తారు: "మరి పడుకోడం ఎలాగండీ?"

నొప్పికి మాత్ర ఉంది. పడుకోడానికి దిండ్లు మాత్రమే ఉన్నాయి. ఆ దిండ్ల గురించే ఇది రాస్తున్నాను. కాలు ఇప్పుడు నా మాట వింటోంది కాబట్టి రాస్తున్నాను. అప్పుడే రాసుంటే ఇందులో మూలుగులు తప్ప అక్షరాలు ఉండేవి కావు.

నేను గూడ్సు బళ్ల గార్డుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడా ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజరు అంటున్నారు; మేనేజరు కాకుండానే గార్డుగా బయటపడ్డాను. బండికి తోకలా వేలాడే బ్రేకు వ్యానులో, బొగ్గు దుమ్ములో, నిలబడి ఊగడమే నా జీవితం. ముందు ఏముందో డ్రైవరుకి కనిపించేది, దాటొచ్చింది ఏమిటో నాకు కనిపించేది. ఆ ఊపులన్నీ ఎడమ తుంటిలో జమయ్యాయి. ఎక్స్‌రే చూసిన డాక్టరు "ఘిస్ గయా" అన్నాడు, అరిగిపోయిన చెప్పు గురించి చెప్పినంత తేలిగ్గా. మార్చాలన్నాడు.

నవంబరులో మార్చారు. ఆపరేషను గురించి చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. వీపులో సూది గుచ్చాక నా నడుము కింద ఎవరో వడ్రంగం చేస్తున్న చప్పుడు వినిపించింది. ఆ బల్ల నాదేనని తెలుసు, అయినా పెద్దగా పట్టించుకోలేదు. మెలకువ వచ్చేసరికి రెండు కాళ్ల మధ్య మూడు మూలల స్పాంజి దిమ్మ ఒకటి పట్టీలతో కట్టేసి ఉంది. 

మర్నాడు డాక్టరు వచ్చి నియమాలు చెప్పాడు. మా ఆవిడ వరలక్ష్మి మంచం పక్కన నిలబడి, స్కూలుపిల్లలా చేతులు కట్టుకుని వింది. కాలు మీద కాలు వేయకూడదు. ఇక కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చనే కదా రిటైరయ్యాను, మొదటి నిషేధం దాని మీదే. నేల మీద కూర్చోకూడదు. ఎత్తు తక్కువ కుర్చీ పనికిరాదు. వంగి కింద పడ్డది తీసుకోకూడదు. వీటన్నిటికన్నా ముఖ్యం, నిద్రలో ఎడమకాలు కుడికాలి మీదుగా అవతలికి దాటకూడదు. కొత్త బంతి ఇంకా గిన్నెలో కుదురుకోలేదు, చుట్టూ కండ పట్టలేదు. కాలు దాటితే బంతి జారుతుంది. జారితే మళ్లీ తెరవాలి. నాకు చక్కెర జబ్బుంది, రెండోసారి అంత సులువు కాదు. "దుబారా ఖోల్నా పడా, తో ముష్కిల్ హై," అన్నాడు.

డాక్టరు వెళ్లాక వరలక్ష్మి నా కాళ్ల మధ్య దిమ్మని చేత్తో నొక్కి చూసింది.

"తలకింద పెట్టుకుంటే తలగడ అంటాం. ఇది కాళ్ల మధ్య ఉంది కాబట్టి కాలగడ," అన్నాను.

తను నవ్వలేదు. "నిద్దట్లో మీకు తెలీకుండా దాటిస్తే ఏటి సెయ్యాల?" అంది.

"నిద్దట్లో నాకెలా తెలుస్తుంది?"

"అదే అడుగుతున్నాను."

ఆ ప్రశ్నకి జవాబు దొరకడానికి మాకు ఒక చలికాలం పట్టింది.

ఇంటికొచ్చాక దిండ్ల సేకరణ మొదలైంది. అడగబోయేవాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. ఒక్క దిండు చాలదు. మోకాళ్ల మధ్య మాత్రమే పెడితే పాదం కిందికి వాలుతుంది, పాదంతో పాటు తుంటి మెలి తిరుగుతుంది. మోకాలి నుంచి చీలమండ దాకా రావాలి. బూరుగుదూది దిండు పెట్టుకున్న కాసేపటికే కాళ్ల బరువుకి అప్పడంలా అణిగిపోతుంది. స్పాంజి దిండు అణగదు గానీ నునుపు గలీబు తొడిగితే సబ్బుబిళ్లలా జారుతుంది. చివరికి పాత నేతచీర చింపి గలీబు కుట్టాక ఒకచోట నిలిచింది. దొర్లకుండా వీపు వెనక ఒకటి, మీదున్న చెయ్యి వేలాడకుండా పొట్ట ముందు ఒకటి, తలకి ఒకటి. వీటి మీద రజాయి. చలికాలంలో రజాయి కప్పితే ఏ దిండు ఎక్కడుందో పైనుంచి కనపడదు. మంచం నిండా దిండ్లు పరిచాక మిగిలిన చోట్లో నేను పడుకునేవాణ్ని.

మొదట్లో వెల్లకిలా తప్ప పడుకోనివ్వలేదు. వెల్లకిలా పడుకోడం నాకు చేతకాదు. బ్రేకు వ్యానులో గార్డు నిద్రపోకూడదు, డ్యూటీ దిగినవాళ్లు పడుకునే రన్నింగ్ రూములో నిద్ర తప్ప మరేమీ చెయ్యకూడదు. ఎక్కడో ఊరుకాని ఊరి స్టేషనులో, రన్నింగ్ రూము మంచం మీద, గోడవైపు తిరిగి, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పడుకునే అలవాటు నాది. అలా ముడుచుకుంటే ఎంత గోలలోనైనా నిద్ర పట్టేది. ఇప్పుడు సీలింగు ఫ్యాను కేసి చూస్తూ, కాళ్లు చాపి, ఎవరో పెట్టినట్టు పడి ఉండడం. పడుకున్నట్టు లేదు, పడుకోబెట్టినట్టుంది.

రాత్రి రాని నిద్ర పగలు ఎప్పుడో వచ్చేది. నాకు నిద్ర పట్టగానే వరలక్ష్మి గేటుకి ఎర్రగుడ్డ కట్టేది.

ఈ ఎర్రగుడ్డ సంగతి మా వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ బయటివాళ్లకి చెప్పాలి. క్వార్టర్లలో ఉన్న రోజుల్లో, రాత్రి డ్యూటీ దిగి వచ్చిన మనిషి పగలు పడుకుంటే, ఆ ఇంటి ముందు ఒక గుడ్డ వేలాడేది. మా ఇంటికి చిరిగిపోయిన పాత ఎర్రజెండా ముక్క. అది కనిపిస్తే కూరలమ్మి కేక వెయ్యదు, పిల్లలు అటు బంతి విసరరు, చుట్టాలొచ్చినా పక్కింట్లో కూర్చుంటారు. రెస్టులో ఉన్న మనిషిని లేపకూడదు. లేపే హక్కు డ్యూటీలు వేసే లాబీ నుంచి కబురు తెచ్చే మనిషికి ఒక్కడికే. దేవుడైనా ఆగాల్సిందే. క్వార్టరు వదిలి సొంత ఇంటికొచ్చి ఏళ్లయినా, చుట్టుపక్కల ఉన్నవాళ్లంతా పాత రైల్వే మనుషులే కాబట్టి, గుడ్డ కట్టగానే వీధి వీధంతా సద్దుమణిగింది.

దాంతో పరామర్శకొచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోయారు. నాతో పాటు పనిచేసిన డ్రైవరు మోహనరావు ఒకనాటి సాయంత్రం చిక్కుడుకాయలు పట్టుకుని విసురుగా వచ్చాడు.

"ఏటి బావా, నీ గేటు సిగ్నలు ఎప్పుడూ ఎరుపేనా? మూడు రోజుల్నించి హోమ్ సిగ్నలు కాడ్నించే ఎనక్కెళ్తన్నాను. ఈ సిక్కుడుకాయలు నీకోసం కోసినవి, ఒడిలిపోనాయి."

"లోపలికొచ్చి లేపొచ్చుగా."

"తొంగున్నోణ్ని లేపుతారేటి? మా ఇంట్లో నానే ఊరుకోను." అని వరలక్ష్మి కేసి తిరిగాడు. "సెల్లెమ్మా, నువ్వూ అలాగే కట్టీసి కూకోకు. గార్డుకి గార్డువైపోనావు."

"తవఁరు కూకోండి అన్నయ్యా, టీ ఎడతాను," అంది తను. గుడ్డ మాత్రం తియ్యలేదు.

కసరత్తు చేయించడానికి బెల్తరా నుంచి వచ్చే ఫిజియో అమ్మాయిని కూడా పక్కింటివాళ్లు గేటు దగ్గరే ఆపి, గార్డుబాబు నిద్రపోతున్నారని తిప్పి పంపేశారట. ఆ పిల్ల మా అమ్మాయి సునీతకి ఫోను చేసి, "అంకుల్ హమేషా సోతే హీ రహతే హైఁ క్యా?" అని అడిగింది, ఎప్పుడూ పడుకునే ఉంటారా అని. సునీత ఈ ఊళ్లోనే ఒక స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఆ సాయంత్రం వచ్చి గుడ్డ విప్పి, మడతపెట్టి, వాళ్లమ్మ చేతిలో పెట్టింది.

"మమ్మీ, ఎక్సర్‌సైజ్ నహీ కరేంగే తో కాలు బిగుసుకుపోద్ది. సమఝో."

"అచ్ఛా," అంది వరలక్ష్మి. మా ఇంట్లో ఆ మాటకి సరే అనీ అర్థం, నువ్వు వెళ్లాక చూద్దాం అనీ అర్థం.

డిసెంబరులో డాక్టరు కుడివైపు తిరిగి పడుకోవచ్చన్నాడు. మధ్యలో దిండు మాత్రం తప్పనిసరి. కొత్త తుంటి పైన, పాత తుంటి కింద. ఆ రోజు మొదటిసారి గోడవైపు తిరిగి పడుకున్నాను. మోకాళ్లు ముడవలేకపోయినా గోడ కనిపించింది, అదే చాలనిపించింది. అప్పట్నుంచి నిద్ర బాగా పట్టేది. బాగా పట్టడమే మా కొంప మీదికి తెచ్చింది.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నాకు తెలిసింది సగమే, మిగతాది తర్వాత విన్నాను. అన్నం తిని పడుకున్నాను. వరలక్ష్మి దిండ్లన్నీ సర్ది, రజాయి కప్పి, ఫోను చప్పుడు ఆపి, వంటింట్లోకి వెళ్లింది. టీ వేళకి తొంగిచూస్తే రజాయి కిందికి జారిపోయి ఉంది. కాళ్ల మధ్య దిండు మంచానికీ గోడకీ మధ్య సందులో పడిపోయింది. ఎడమ మోకాలు అవతలికి దాటి పరుపు మీద ఆనుకుని ఉంది.

నేను కలలో కూడా కదల్లేదు. హాయిగా పడుకున్నాను.

తను మంచం కొసన కూర్చుని, ఒక చెయ్యి మోకాలి కిందికీ ఒక చెయ్యి చీలమండ కిందికీ పోనిచ్చి, కాలిని మెల్లగా పైకెత్తి, ఉండాల్సిన ఎత్తులో పట్టుకుంది. పట్టుకున్నాక తోచింది, దిండు అందుకోవాలంటే కాలు వదలాలి. వీపు వెనక దిండు లాగితే నేను దొర్లుతాను. పక్కింటివాళ్లని కేకేస్తే నేను లేస్తాను. కాబట్టి కేకెయ్యలేదు. లేపలేదు. పట్టుకుని కూర్చుంది.

నన్ను లేపింది సునీత గొంతు. ఎన్నిసార్లు ఫోను చేసినా తియ్యకపోయేసరికి భయపడి, తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసుకుని వచ్చింది.

"మమ్మీ! యే క్యా కర్ రహీ హో?"

"ష్! తొంగున్నారు."

"తొంగుంటే? లేపొచ్చు కదా!"

కళ్లు తెరిచేసరికి గదిలో చీకటి పడుతోంది. నా కాలు వణుకుతోందేమిటనుకున్నాను. వణుకుతున్నది కాలు కాదు, దాని కింద చేతులు. గాజులు లోపలికి దిగి మణికట్టు మీద గుంటలు పడ్డాయి. సునీత వచ్చి కాలు అందుకుంది. వరలక్ష్మి చేతులు వెనక్కి తీసుకుందామనుకుంది గానీ మోచేతులు చాపుకోలేకపోయింది, అలాగే ఎత్తి పట్టుకున్నట్టు కూర్చుండిపోయింది.

"ఎంతసేపయింది?" అన్నాను.

"టీ ఏళకి సూసేను."

"లేపలేదేం?"

"రెస్టులో ఉన్న మనిషిని ఎలా లేపుతానండీ?"

సునీత ఏడుస్తుందేమో అనుకున్నాను. కోపగించుకుంది. "ఇస్ ఘర్ మే పాపా కీ నీంద్..." అని మొదలెట్టి, హిందీలో చెబితే సరిపోదనుకుందో ఏమో, తెలుగులోకి దిగింది. "ఈ ఇంట్లో నాన్న నిద్ర కన్నా పెద్దది ఏటీ లేదు. ఎప్పుడూ లేదు. నాన్నా, సెవెన్త్‌లో నా చెయ్యి విరిగింది, గుర్తుందా?"

"గుర్తుంది. పిండికట్టు వేశారు. అప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను."

"నహీ. లోపలి గదిలో పడుకున్నారు. నేను పెరట్లో పడ్డాను. మమ్మీ నన్ను రిక్షాలో తీసుకెళ్లి, కట్టు కట్టించి తెచ్చింది. మీరు లేచాకే చూశారు."

నేను వరలక్ష్మి కేసి చూశాను. కాదంటుందేమోనని.

"నా పమిట నోట్లో ఎట్టుకున్నాది, ఒక్క ముక్క ఏడవనేదు, నా తల్లి," అంది, ఆ సంగతి నిన్ననే జరిగినట్టు, కాస్త గర్వంగా కూడా.

ఇన్నాళ్లూ ఆ పిండికట్టుని నేను డ్యూటీ ఖాతాలో వేసుకున్నాను. సందులోంచి దిండు తియ్యమన్నాను.

దిండు పెట్టుకున్నాక తుంటిలో ఎక్కడో లోపల మందంగా ఒక నొప్పి తెలిసింది. అది ఆ పూట పుట్టిందో, ముందునుంచీ ఉండి ఆ పూట వినిపించిందో చెప్పలేను. కాలు ఎంతసేపట్నుంచి దాటి ఉందో ఎవరికీ తెలియదు. బంతి తన గిన్నెలో ఉందో లేదో పైనుంచి కనపడదు. ఆ రాత్రి ముగ్గురం పడుకోలేదు, ఎవరికీ ఏ దిండూ అక్కర్లేకపోయింది.

పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లాం. వెయిటింగ్ హాల్లో బెంచీలన్నీ తక్కువ ఎత్తువి. తుంటి మార్చుకున్నవాడు అక్కడ కూర్చుంటే మోకాళ్లు నడుము కన్నా పైకొస్తాయి, అది కూడా నిషేధమే. వాకరు పట్టుకుని నిలబడ్డాను. గార్డు నిలబడడానికి భయపడడు. ఎదురుగా కూర్చున్న ఒకామె నన్ను చూస్తోంది. కర్గీ రోడ్ నుంచి తెల్లవారు బండికి వచ్చిందట, పక్కన ముసలాయనని పడుకోబెట్టుకుని. తన మూటలోంచి కంబళి తీసి, మడత మీద మడత వేసి, బెంచీ మీద దొంతరగా పెట్టింది.

"బైఠ్ జా బాబూ. ఊంచా కర్ దే హఁవ్," అంది. కూర్చో, ఎత్తు చేశాను అని.

కూర్చున్నాను. ఎత్తు సరిగ్గా సరిపోయింది. ఆమె ఎవరి ఎత్తు కోసం ఇది నేర్చుకుందో అడక్కుండానే తెలిసింది. ఆ ముసలాయనకి తుంటి మార్చి ఎంతో కాలం కాలేదట. కళ్లంలో అందరితో పాటు నేల మీద కూర్చుని అన్నం తిన్నాడు. లేవబోతే బంతి జారింది. మళ్లీ తెరవడానికి తీసుకొచ్చారు. ఆయన పైకప్పు కేసి చూస్తూ, మాట్లాడకుండా, నా మొదటివారాల్లో నేను పడుకున్నట్టే పడుకుని ఉన్నాడు. ఆయన ఎడమకాలు కుడికాలి కన్నా పొట్టిగా, పాదం లోపలికి తిరిగి ఉంది.

వరలక్ష్మి ఆ పాదం కేసి చూసింది. తర్వాత నా పాదం కేసి చూసింది. మళ్లీ ఆయనది. రెండిటినీ కొలుస్తోందని అర్థమై నేను నా పాదాన్ని వీలైనంత తిన్నగా పెట్టుకున్నాను, దానివల్ల లోపలి బంతికి ఒరిగేదేమీ లేకపోయినా.

"కంబళి ఎచ్చగుంది," అంది తను.

"అవును."

"ఆమెకి మళ్లీ సలేస్తాదేమో."

"వేస్తుంది."

తను లేచి తన శాలువా తీసి ఆమె భుజాల మీద కప్పి వచ్చింది. 

ఎక్స్‌రే తీసే గదిలో నన్ను ఒక్కణ్నే ఉంచారు. ఊపిరి బిగపట్టమన్నారు. అప్పటికే బిగపట్టుకుని ఉన్నాను కాబట్టి ఆ పని సులువైంది.

డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడని నాకనిపించింది, సునీత మాత్రం అంతసేపేమీ కాదంటుంది. "అప్నీ జగహ్ పర్ హై," అన్నాడు. తన చోట తానుంది. 

వరలక్ష్మికి ఈ ఊరి హిందీ నాకన్నా బాగా వచ్చు. అయినా సునీతని పట్టుకుని, "ఏటన్నాడు? తెలుగులో సెప్పు," అంది. సునీత చెప్పింది. "మళ్లీ సెప్పు," అంది. మళ్లీ చెప్పింది. అప్పుడు గోడకి చేరగిలబడింది.

కాలు దాటిన కథ విన్న డాక్టరు నవ్వలేదు. ఇంకోసారి అలా కనిపిస్తే వెంటనే లేపాలని, కాలు పట్టుకుని కూర్చోవద్దని, ఈసారి అదృష్టమనీ చెప్పాడు. తలుపు దాకా వచ్చి వరలక్ష్మికి విడిగా ఇంకోసారి చెప్పాడు. మేం బయటికొచ్చేసరికి ముసలాయనని లోపలికి తీసుకెళ్లారు. బెంచీ మీద కంబళి లేదు, ఆమె కూడా లేదు. ఆయన సంగతి తర్వాత ఏమైందో మాకు తెలియదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఎండలో కూర్చుని వరలక్ష్మి పచ్చిబఠానీలు వలుస్తోంది. నేను నా ఎత్తు కుర్చీలో సింహాసనం మీద రాజులా కూర్చుని, రాజ్యం లేక బఠానీలు తింటున్నాను.

"ఎందుకు లేపలేకపోయావు?" అన్నాను. తిడదామని కాదు, తెలుసుకుందామని.

తను ఇంకో గుప్పెడు కాయలు వలిచింది. తర్వాత అంది: "పెళ్లై నానీ ఊరొచ్చిన కొత్తల్లో పక్క కోటర్లో డ్రైవరు ఉండేవోడు, మీకు గుర్తుంటాడో లేదో. ఆలింట్లో సుట్టాలొచ్చేరు, పిల్లకి పెళ్లిసూపులు. పగలల్లా నవ్వులూ గోలా. ఆ మనిషికి కన్ను మూతపడనేదు. అలగే లేసి రేత్రి బండెక్కేడు. మరి రానేదు."

గుర్తుంది. విచారణలో ఏమి తేల్చారో కూడా గుర్తుంది. అది తను చెబుతున్న సంగతి కాదు.

"ఆ డ్రైవరు పెళ్లాన్ని ఎవులూ ఏటీ అన్నేదు. ఆమే అనుకున్నాది. పీటమీద కూకుని, నానే ఆళ్లని నవ్వొద్దన్నుంటే, నానే తలుపేసుంటే, అని. నాను ఆమె పక్కన కూకున్నాను గదా, ఇన్నాను. మీకు నిద్ర సాలని రోజు నాను కిటికీ కాడ్నించి లేసేదాన్ని కాదు, మీరు మళ్లీ గేటు తీసినదాకా."

నేను రాత్రిళ్లు పచ్చదీపం ఊపుతూ తిరిగినంత కాలం, ఇంటి దగ్గర తను నిశ్చింతగా పడుకునేదనే అనుకున్నాను. ఇల్లంతా అంత నిశ్శబ్దంగా ఉంటే నిద్ర పట్టక చస్తుందా అనుకున్నాను. ఆ నిశ్శబ్దం నాకొక్కడికే ఏర్పాటైందని తెలియదు.

"ఇప్పుడు నాకు డ్యూటీ లేదు కదా వరాలూ."

"నాకు తెలుసండి." చేతులు ముందుకు చాపి, ఇంకెవరివో అన్నట్టు చూసుకుంది. "ఈటికి తెలవాల గదా."

ఆ రోజు నుంచి ప్రయత్నాలు మొదలయ్యాయి. డాక్టరు మాట మీద గౌరవముంది, లేపాలని నిశ్చయమూ ఉంది, నోరు మాత్రం రాదు. దిండు కాస్త జారితే చాలు, గుమ్మంలో నిలబడి దగ్గేది. గిన్నె మీద మూత గట్టిగా పెట్టేది. ఫ్యాను అక్కర్లేని చలికాలంలో ఫ్యాను వేసి ఆపేది. బొగ్గు బళ్ల మధ్య నిద్రపోయినవాణ్ని, దగ్గుకి లేస్తానా? ఒకసారి రేడియో పెట్టింది. నాకు మరింత బాగా నిద్ర పట్టింది. చివరికి నా చొక్కా చేతికి చీరకొంగు ముడేసి మెల్లగా లాగుతూ ఉండగా సునీత చూసింది. "మమ్మీ, చెయ్యేసి కొట్టు," అంది. "మొగుణ్ని కొట్టమంటాదేటే ఇది!" అని నవ్వుతూ ముడి విప్పుకుంది. ఆ నవ్వే ఆపరేషనయ్యాక మా ఇంట్లో మొదటి నవ్వు. నేనన్ని జోకులు వేసినా రానిది.

జనవరిలో బాగా చలి పట్టిన ఒక పగలు. గోడవైపు తిరిగి పడుకున్నాను. ఎక్కడో లోతున ఉన్నాను. భుజం మీద దెబ్బ పడింది.

"ఏటండీ! లెగండి! కాలు!"

రన్నింగ్ రూములో పొరపాటున తప్పు మంచాన్ని తట్టేవాళ్లుంటారు. వాళ్లకోసం మా దగ్గర ఒక గర్జన ఉంటుంది. కళ్లు తెరవకుండానే అది బయటికొచ్చింది. "ఎవడ్రా! రెస్టులో ఉన్న మనిషిని..."

అడుగు వెనక్కి పడిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆ కాసేపట్లో నాకు పూర్తిగా మెలకువ వచ్చింది, కాలు ఎక్కడుందో తెలిసింది, మోకాలు పరుపు అంచుని తాకడానికి కాస్తే ఎడముంది. నేనే దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. తెచ్చుకోకుండా కళ్లు మూసుకుని ఉన్నాను. తనేం చేస్తుందో చూడాలనుకున్నాను. తను వెళ్లిపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

అడుగు మళ్లీ ముందుకొచ్చింది. ఈసారి దెబ్బ గట్టిగా పడింది.

"నానే. అరవకండి. కాలు ఇటు తియ్యండి."

తీశాను. దిండు పెట్టింది, చీలమండ దాకా సరిపోయిందో లేదో చేత్తో తడిమింది, రజాయి కప్పింది.

"దెబ్బ తగిలిందేటి?" అంది.

"తగిలింది."

"తగలాలనే కొట్టేను," అని వెళ్లిపోయింది.

తర్వాతి ఎక్స్‌రేలో కూడా బంతి తన చోటే ఉంది. చుట్టూ కండ పట్టిందన్నారు. వాకరు పోయి కర్ర వచ్చింది, కర్ర కూడా పోయింది. కాళ్ల మధ్య దిండు ఇక అక్కర్లేదు, ఎటు తిరిగైనా పడుకోవచ్చు, ఆపరేషనైన పక్కకి కూడా అని డాక్టరు చెప్పాడు. నన్ను లేపాల్సిన అవసరం ఎవరికీ లేకుండా పోయింది.

అయినా లేపుతోంది. కరెంటు పోయిందని లేపింది. సునీత ఫోనులో ఉంది, పలకరించమని లేపింది. నిన్న మంచి నిద్రలో ఉండగా భుజం మీద చెయ్యి పడింది.

"ఏటండీ, సేపలు పులుసెట్టనా, ఏయించనా?"

"పులుసు," అన్నాను.

"అలాగే. తొంగోండి."

మళ్లీ పడుకున్నాను.